వీడియో గేముల గుణదోషవిచారము

చదరంగము, పులిజూదము, వామనగుంటలు మొదలగు క్రీడలు తెలుఁగునాట నరుఁగులమీఁదఁ దరతరములుగా నాడఁబడుచు వచ్చినవి. వాని నాడు విధము నెఱిఁగించు పెద్దలు ప్రతి గ్రామమునను గలరు. కాని యీ యాట యేల రసవంతము, ఆ యాట యేల నిస్సారము, దీనియందలి యీ నియమము గుణమా దోషమా యని విచారించు శాస్త్రము మాత్రము కావ్యనాటకములకుఁ బెరిగినట్లు క్రీడలకుఁ బెరుగలేదు. ఆట కాలక్షేపమే కాని విచారమునకుఁ దగినది కాదను భావమే దీనికిఁ గారణము కావచ్చును.

1972వ సంవత్సరమున అమెరికాలో అటారీ సంస్థవారు ‘పాంగ్’ అను క్రీడను వెలువరించిరి. తెరకు రెండు ప్రక్కలను రెండు గీఁతలు, నడుమ నొక చుక్క. ఆ చుక్కను గీఁతతో నెదుటివానివైపు కొట్టుటయే యాట. అప్పటినుండి యీ జాతి క్రీడలు వేలకొలఁదిగాఁ బుట్టి వీడియో గేములను పేర లోకమంతట వ్యాపించినవి. పాఠశాలలోఁ జదువు బాలురలో వీని నెఱుఁగనివాఁ డరుదు. ఉపాధ్యాయులు వీనిని గూర్చి సామాన్యముగా నొకే మాట చెప్పుదురు: మానుఁడని. ఆ మాట విని బాలుఁడు మానుటయు లేదు. ఏది మేలో యేది కీడో తెలిసికొనుటయు లేదు. గుణదోషముల నెఱిఁగి చెప్పిన నిషేధమునకుఁ గల బలము ఎఱుఁగక చెప్పినదానికి లేదు. కావున వీడియో గేములపై విమర్శకులు వెలిబుచ్చిన యభిప్రాయములను శోధించి, వీనియందు గుణమన నేది, దోషమన నేది యని నిర్ణయించుట నిష్ప్రయోజనము కాదు.

విమర్శకుల మతభేదములు

మొదటిది లెక్కల మతము. బొమ్మల కిన్ని, సంగీతమున కిన్ని, కథ కిన్ని, మీటల యొదుగుదల కిన్ని యని మార్కులు వేసి మొత్తము కట్టుట యీ మతమువారి పద్ధతి. జపానులోని ఫామిత్సు పత్రిక నలుగురు విమర్శకులచేఁ దలకుఁ బది మార్కుల చొప్పున వేయించి నలువదింటికి లెక్క తేల్చుట ప్రసిద్ధము. 1998లో నింటెండో సంస్థవారి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరినా ఆఫ్ టైమ్’ ఆ పత్రికలో మొట్టమొదటిసారి 40కి 40 పొందినది. 2001లో నారంభమైన మెటాక్రిటిక్ పలువురి మార్కులను నూఱింటికి మార్చి సగటు కట్టును. అందు నా క్రీడకు 99 వచ్చినది.

ఈ లెక్క కొనువాని కుపకరించునేమో కాని, తెలిసికొనఁ గోరువాని కుపకరింపదు. ఆ క్రీడలో శత్రువుపైఁ జూపు నిలిపి యుంచుట కొక మీట కలదు. దానిచే మూఁడు దిక్కుల లోఁతుగల రంగమునఁ బోరాడుట సులభమైనది. తరువాతి క్రీడలు పెక్కులు దాని ననుసరించినవి. అది గొప్ప గుణము. అదే క్రీడలో జలాలయ మనుచోట ఇనుపజోళ్లను తొడిగి నీట మునుఁగుటయు, విడిచి తేలుటయుఁ బలుమాఱు చేయవలసియుండును. చేసిన ప్రతిసారియు నాటను నిలిపి, వస్తువుల పట్టిక తెఱచి, జోళ్లను మార్చి, పట్టికను మూయవలెను. ఇది కథకు గాని సాహసమునకు గాని చేరని పని. 2011లో వెలువడిన నూతనరూపమున కర్తలే దీనిని సవరించి జోళ్ల నొక మీటకు గట్టిరి. నూఱింటికిఁ దొంబదితొమ్మిది యను సంఖ్య యా గుణమును జెప్పదు, ఈ దోషమును జెప్పదు. మార్కు తీర్పే కాని హేతువు కాదు.

రెండవది నిరాకరణమతము. అమెరికాదేశపు సుప్రసిద్ధ చలనచిత్రవిమర్శకుఁడు రోజర్ ఈబర్ట్ 2010లో నొక వ్యాసము వ్రాసి, వీడియో గేములు కళాపదవి నెన్నఁడు నందుకొనఁజాలవని వాదించెను. కవియో దర్శకుఁడో శ్రోతను దన యిచ్చవచ్చిన త్రోవను నడపును. ఆటలోనో త్రోవ యాటకాని యిష్టము. కర్తకు స్వాతంత్ర్యము లేనిచోఁ గళ లేదని యాతని వాదము యొక్క సారము. దీనికి నలుదెసలనుండి ప్రతివాదములు వచ్చినవి. ఆ యేఁటనే యాతఁడు, ఆడి చూడక యట్టి యభిప్రాయమును వెలిబుచ్చుట తగదని యొప్పుకొనెను. వాదమును మాత్రము పూర్తిగా విడువలేదు. అనుభవము లేనిదే విమర్శము లేదని యంగీకరించిన యా విమర్శకుని నిజాయితి ప్రశంసనీయము. ఆతఁడు లేవనెత్తిన శంకయుఁ దోసివేయఁదగినది కాదు. ఆటకాఁడు స్వతంత్రుఁడైనచోఁ గర్త చేయున దేమి?

మూఁడవది విద్వాంసులలోఁ బుట్టిన కథానియమవివాదము. 1997లో జానెట్ మర్రీ ‘హామ్లెట్ ఆన్ ది హోలోడెక్’ అను గ్రంథమునఁ గంప్యూటరు కథాకథనమునకు నూతనసాధన మని ప్రతిపాదించెను. ఆ యేఁటనే నార్వేదేశపు పండితుఁడు ఎస్పెన్ ఆర్సెత్ ‘సైబర్‌టెక్స్ట్’ అను గ్రంథమును వెలువరించెను. 2001లో నాతఁడు సంపాదకుఁడుగా ‘గేమ్ స్టడీస్’ అను పత్రిక యారంభమై, క్రీడలను సాహిత్యశాస్త్రమునకు లోఁబఱుపక వానికిఁ దగిన ప్రత్యేకశాస్త్రము కావలెనను పక్షమునకు నాధారమయ్యెను. కథ ప్రధానమని కొందఱు, నియమములు ప్రధానమని కొందఱు వాదించుచుండ, ఇయాన్ బొగోస్ట్ 2007లో నియమములే యొక యభిప్రాయమును బోధింపఁగలవని, మాటలతోఁ గాక చేయించుటచేతనే యాట వాదించునని చూపెను.

ప్రధానార్థ మేది

ఈ వివాదము శాబ్దబోధమును గూర్చి నైయాయికులకును వైయాకరణులకును గల ప్రాచీనవివాదమును దలఁపించుచున్నది. ‘చైత్రుఁడు వండుచున్నాఁడు’ అను వాక్యమున వంటకు ననుకూలమైన ప్రయత్నము గల చైత్రుఁడు ప్రధానముగా బోధపడునని నైయాయికులు. చైత్రుఁడు కర్తగాఁ గల పాకవ్యాపారమే ప్రధానముగా బోధపడునని వైయాకరణులు. మొదటివారికి వ్యక్తి విశేష్యము, రెండవవారికిఁ గ్రియ విశేష్యము. కథావాదులు తెరమీఁది నాయకుని విశేష్యముగాఁ గొని, యాటకాని చేఁత యా నాయకున కొక విశేషణ మనుచున్నారు. క్రీడాస్వరూపమును నిదానించి చూచినచో వైయాకరణపక్షమే యిచట సరిపడును. నాయకుఁడు, నగరము, రాక్షసుఁడు, సంగీతము, ఇవన్నియుఁ గారకములు. ఆటకాఁడు చేయు పని క్రియ. కారకము లెంత సొంపుగా నున్నను గ్రియ లేనిదే వాక్యము నిలువదు.

దీనితో ఈబర్ట్ శంకకును సమాధానము దొరకును. ఆటకర్త వాక్యము చెప్పువాఁడు కాఁడు, సూత్రములు చేయువాఁడు. సూత్రకారుఁడు లోకులు పలుకఁబోవు వాక్యము నెఱుఁగఁడు. అయినను నే వాక్యము సాధువో, యేది కాదో యాతఁడు నిర్ణయించియే యున్నాఁడు. చదరంగములో నియమమును బాటించువారు ఆటకాండ్రు. వీడియో గేములోఁ బాటింపఁజేయునది యంత్రము. కావునఁ గర్త స్వాతంత్ర్యము పోలేదు. అది వాక్యమునుండి సూత్రమునకు మాఱినది.

ఇఁక దోషలక్షణము. ప్రధానమైన యర్థమునకు భంగము కలిగించునదే దోషమని మమ్మటుఁడు నిరూపించెను. అంతకుఁ బూర్వమే ఆనందవర్ధనుఁడు, కఠినవర్ణములు శృంగారమున దోషమైనను రౌద్రమున దోషములు కావని చూపి, నిత్యదోషములకు ననిత్యదోషములకు భేదము కల్పించెను. ఈ రెండు మాటలను గలిపినచోఁ గ్రీడావిమర్శమునకుఁ దగిన పరీక్ష యొకటి యేర్పడును. విమర్శకుఁడు దోషమని చూపిన యంశమును దొలఁగించి చూడవలెను. తొలఁగించినచోఁ బ్రధానక్రియ తేటపడెనేని యది నిజముగా దోషము. తొలఁగించినచోఁ బ్రధానక్రియయే చెడెనేని, దోషముగాఁ దోఁచినది గుణమే. పైఁ జెప్పిన ఇనుపజోళ్ల పట్టిక మొదటి తెగకుఁ జేరినది: తీసివేసినచో నాటకు నే నష్టమును గలుగలేదు. ఈ పరీక్షచేఁ బ్రసిద్ధక్రీడలను గొన్నింటిని శోధింపవలెను.

లాఘవము

1984లో మాస్కోనగరమున సోవియట్ విజ్ఞానపరిషత్తు వారి గణనకేంద్రమునఁ బనిచేయుచుండిన అలెక్సీ పజిత్నొవ్ ‘టెట్రిస్’ అను క్రీడను గల్పించెను. నాలుగేసి చదరముల కూర్పులు ఏడు. అవి యొకటొకటిగాఁ బైనుండి పడుచుండును. వానిని ద్రిప్పి, యొదిగించి, యడ్డువరుస నిండునట్లు పేర్చినచో నా వరుస మాయమగును. కథ లేదు, నాయకుఁడు లేఁడు. ఆటకాఁడు సరిగాఁ జేసినది నశించును. తప్పు చేసినది కుప్పగా నిలిచి యాతనినే వెక్కిరించును. ఇంత స్వల్పసామగ్రితో నింత వైవిధ్యమును సాధించిన క్రీడ మఱియొకటి దుర్లభము. ఒక్క యక్షరము తగ్గినను సంతసించు వైయాకరణునకు దీనియందలి లాఘవము వెంటనే హృదయంగమ మగును.

దీనియందు గెలుపు లేదు, ఓటమిని వాయిదా వేయుటయే కలదని కొందఱు దోషము చెప్పిరి. పరీక్షింపఁగా నిది దోషము కాదని తేలును. గెలుపు నిర్ణయించినచోఁ గ్రియ కొక గమ్యమేర్పడి, యిప్పటి యేకాగ్రత చెదరును. 1989నాఁటి నింటెండోరూపమును 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏండ్ల బాలుఁ డొకఁడు యంత్రము స్తంభించువఱకు నాడెను. ఆ యంతమును గర్త పెట్టలేదు, యంత్రము యొక్క యశక్తి పెట్టినది.

రెండవ యాక్షేప మింతకంటె బలవంతము. పూర్వరూపములలోఁ గూర్పులు యాదృచ్ఛికముగా వచ్చుటచేత, మిగుల నవసరమైన నిలువుకడ్డీ యెంతసేపటికిని రాకపోవచ్చును. అట్టిచో నోటమి ఆటకాని తప్పు కాదు. తరువాతిరూపములలో నేడింటిని గలిపి, యొక్కొక్కటి యొక్కొక్కసారి వచ్చిన పిమ్మటనే మరల గలుపు నియమమును బెట్టిరి. అన్యాయము తొలఁగినది. కాని రాబోవునది కొంతవఱకుఁ దెలియుటచేఁ బూర్వపు వెఱపును దగ్గినది. ఇట్లు సవరణయు నొక్కొక్కపుడు వెల యడుగును. విమర్శకుఁడు సవరణను మెచ్చునపుడు పోయినదానినిఁ గూడఁ జెప్పవలెను.

శూన్యత, విసుగు, కాఠిన్యము

జపానుదేశీయుఁడు ఫుమితో ఉయేదా నిర్వహణమున 2005లో వెలువడిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ వీరమునందుఁ గరుణము నిమిడ్చిన క్రీడ. మృతయైన యొక కన్యను బ్రదికింపఁగోరి యొక యువకుఁడు గుఱ్ఱమునెక్కి నిషిద్ధభూమిని జొచ్చి, పదియాఱు మహాకాయములను వధింపవలెను. ఇతరక్రీడలలోవలె దారిలోఁ జిన్న శత్రువులు లేరు, గ్రామములు లేవు, బేరములు లేవు. గాలి, ఎండ, గుఱ్ఱపు డెక్కల చప్పుడు, అంతే. ఈ శూన్యత లోపమని తలఁచువారు కలరు. దానిని నింపి చూచినచోఁ బదియాఱు వధలును బదివేల వధలలోఁ గలిసిపోవును. ఒంటరిగాఁ బోయి, ఏమియు నపకారము చేయని మహాభూతము నెక్కి చంపిన పిమ్మట జయభేరికి మాఱుగా శోకగీతము వినవచ్చును. వధ వధకును నాయకుని మొగము నల్లఁబాఱును. తాను జేసినది పాపమేమో యను శంక యాటకాని మనస్సున నంకురించును. ఇచట వాల్మీకి క్రౌంచవధవలె శోక మొకరిని జూచి పుట్టినది కాదు. తన చేఁతచేతనే పుట్టినది. ఇది క్రీడకు మాత్రమే సాధ్యమైన కరుణము. కావున శూన్యత గుణమే.

అదే క్రీడలో రెండు దోషములు చెప్పఁబడినవి. గుఱ్ఱము వెంటనే మాట వినదనునది యొకటి. పెద్ద పోరాటములలో బొమ్మల కదలిక మందగించి తడఁబడుననునది రెండవది. 2018లో వేఱొక సంస్థ దీనిని నూతనయంత్రమునకు మరలఁ జేసినపుడు తడఁబాటును దొలఁగించెను. ఆట యెంతమాత్రము చెడలేదు. కనుక నది నిత్యదోషమే. గుఱ్ఱము మాట యట్టిది కాదు. అది సాధనము కాక ప్రాణి యని, యా శూన్యభూమిలో నాయకుని కది యొక్కటియే తోడని యాటకాఁడు నమ్మవలెను. మీట నొక్కినంతనే తిరుగు గుఱ్ఱము బండిచక్ర మగును. కావున నది యనిత్యదోషము.

విసుగు క్రీడకు మహాదోషమని సర్వసమ్మతము. ఆ విసుగునే గుణముగా మార్చిన క్రీడ లూకస్ పోప్ 2013లో వెలువరించిన ‘పేపర్స్, ప్లీజ్’. ఆర్స్టోట్స్కా యను కల్పితదేశపు సరిహద్దుకడ నాటకాఁ డొక చిఱుగుమాస్తా. వచ్చువారి పత్రములలోని పేరు, తేది, ముద్ర, ఛాయాచిత్రము సరిచూచి లోనికి విడుచుటయో త్రిప్పి పంపుటయో యాతని పని. ఎందఱి పత్రములు చూచిన నంత కూలి. దినమునకు రెండు తప్పులవఱకు హెచ్చరిక, తరువాత జరిమానా. సాయంకాలమున నా కూలితో నింటియద్దె, తిండి, చలికాఁపు, రోగికి మందు. ఇంతలో నొకఁడు సరియైన పత్రములతో లోనికిఁ బోవుచు, తన వెనుక భార్య వచ్చుచున్నదని, ఆమెపై దయ చూపుమని చెప్పును. ఆమె వచ్చును, ప్రవేశపత్రము లేదు. విడిచినచోఁ దప్పు లెక్కకు వచ్చును. విడువనిచో దంపతు లెడఁబాయుదురు.

ఇచట నెవ్వరును నీతిని బోధింపరు. ముద్ర యాటకాని చేతిలోఁ గలదు, అంతే. పని విసుగైనది కాకున్నచో నీ ఘట్టమునకు బలము లేదు; ఏలయన, వరుసలో నిలిచిన మనుష్యులు కాగితములుగాఁ గనఁబడునంత విసిగిన పిమ్మటనే యొక మనుష్యుఁడు మనుష్యుఁడుగాఁ గనఁబడి యాటకానిని గలఁచును. రాజ్యము క్రూరమగుట క్రూరులచేఁ గాక యలసినవారిచే నెట్లు జరుగునో వేయి పుటలలోఁ జెప్పఁదగిన దానిని క్రీడ యొక ముద్రతోఁ దెలిపినది. బొగోస్ట్ ప్రతిపాదనమున కింతకంటెఁ దగిన యుదాహరణము దొరకదు.

కాఠిన్యమును గూర్చిన వివాద మింకను సాగుచునే యున్నది. హిదెతకా మియజాకి నిర్వహణమున 2011లో వెలువడిన ‘డార్క్ సోల్స్’ నందు మరణము పదేపదే సంభవించును. చచ్చినవాఁడు వెనుకటి నిప్పుకుంపటికడ లేచును; ఆర్జించినది చచ్చినచోటనే పడియుండును; అచటికిఁ జేరినచో దక్కును, నడుమ మరలఁ జచ్చినచోఁ బోవును. శత్రువు లెప్పటిచోటులనే నిలిచియుందురు. కాఁబట్టి ఆటకానికి మిగులునది తెలివి యొక్కటే. ఇది యభ్యాసశాస్త్రమే కాని శిక్ష కాదు. ఈ కాఠిన్యమును దీసివేసినచో, చిట్టచివరకుఁ గలుగు ధైర్యమును బోవును. కాని యందే ‘బెడ్ ఆఫ్ కేయాస్’ అను ఘట్టమున నేల హఠాత్తుగాఁ గ్రుంగి యాటకాఁడు గోఁతిలోఁ బడును. ముందు సూచన లేదు, నేర్చుకొనఁదగిన దత్యల్పము. తక్కినచోట్ల చచ్చినచో శత్రువు మరలఁ బూర్ణబలముతో నిలుచును. ఆ యొక్కచోట మాత్రము చేసిన పని నిలిచియుండును. సామాన్యనియమమును విడువవలసివచ్చుటయే యా ఘట్టము నియమమున కొదుగలేదనుటకు సాక్ష్యము. బోధించు కాఠిన్యము గుణము, బోధింపనిది దోషము.

మఱి కన్ను చేయి సరిగా లేనివారి గతి యేమి? కాఠిన్యమును దగ్గించు నేర్పాటు లేకుండుట గుణమా దోషమా? 2019లో నా సంస్థవారి ‘సెకిరో’ వెలువడినపుడు విమర్శకు లిరుపక్షములుగాఁ జీలిరి. 2018నాఁటి ‘సెలెస్ట్’ యను పర్వతారోహణక్రీడ దీనికొక మార్గమును ముందే చూపినది. అదియుఁ గఠినమే, కాని యవసరమైనవారు వేగమును దగ్గించుకొనుటకును, నపాయమును దొలఁగించుకొనుటకును నందు వీలు కలదు. ఉత్సర్గమున కపవాద మున్నంతమాత్రమున నుత్సర్గము నశింపదని వ్యాకరణ మెఱిఁగినవారికిఁ జెప్పఁబనిలేదు. అపవాదము తన విషయమును దాను గ్రహించును. తక్కినచోట నుత్సర్గమే రాజు. కావున నట్టి యేర్పాటు కాఠిన్యమునకు భంగము కాదు.

నియమకథావిరోధము

కారకములు క్రియతో నన్వయింపనిచో వాక్యము దుష్టమగును. 2007లో వెలువడిన ‘బయోషాక్’ దీనికిఁ బ్రసిద్ధోదాహరణము. సముద్రగర్భమున స్వార్థమే ధర్మమని నమ్మినవాఁడు కట్టిన రాప్చర్ అను నగరము. అందు శక్తినిచ్చు పదార్థమును దేహమున మోయు బాలికలు. వారిని జంపి శక్తి నంతయుఁ గొనవచ్చును, రక్షించి కొంచెమే కొనవచ్చును. స్వయముగాఁ గ్రీడాకర్తయైన క్లింట్ హాకింగ్ ఆ యేఁటనే యొక విమర్శమున, నియమములు స్వార్థమునకుఁ జోటిచ్చి, కథ మాత్రము ఆట్లాస్ అను నొకానికి సాయపడుమని నిర్బంధించుచున్నదని, రెండును బొసఁగలేదని యాక్షేపించెను. మఱియు, రక్షించినవానికిఁ గొంతకాలమునకుఁ గానుకలు వచ్చి లోటు తీఱును. నష్టము లేని త్యాగము త్యాగమెట్లగును?

ఈ విరోధమునకు క్రీడయే యొక సమాధాన మిచ్చుచున్నది. ఆట్లాస్ మర్యాదగాఁ బలుకు నొక మాట నిజమునకు నాయకుని వశము చేసికొను మంత్రమని నడుమ బయటపడును. స్వేచ్ఛగాఁ జేసితి ననుకొన్నవాఁడు ఆజ్ఞను శిరసావహించెను, ఆడువాఁడును నంతే. ఇది క్రీడాస్వరూపముపైననే చేసిన వ్యంగ్యము గనుక మిక్కిలి మెచ్చఁదగినది. కాని యా పిమ్మట నేమి జరిగినది? మంత్రము విడిపోయిన తరువాతను నాయకుఁడు మఱియొక కంఠము చెప్పినట్లే నడుచును. సత్యము తెలిసినను గ్రియ మాఱలేదు. చివరిభాగము చప్పగా నున్నదని పెక్కుమంది విమర్శకులు చెప్పిన దానికి హేతు విదియే.

కారకసంపద యుండి క్రియ కొఱవడుట వేఱొక విధము. పుణెనగరమునందలి నోడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో వెలువరించిన ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ భారతీయపురాణములను, రాజస్థానపు కోటలను, పహాడీ చిత్రలేఖనమును దెరకెక్కించినది. అసురు లెత్తికొనిపోయిన తమ్ముని వెదకు బాలిక కథ. నడుమ నడుమ తెలుఁగువారి తోలుబొమ్మలాటను దలపించు ఛాయారూపకములు. చిత్రసౌందర్యమును విమర్శకులు విశేషముగాఁ గొనియాడిరి. పోరాటములు మాత్రము త్వరలోనే యొకే తీరుగాఁ దోఁచునని, ముగింపు తొందరపడినదని చెప్పిరి. దేశీయమన్న యభిమానముచే నీ లోపమును మఱుఁగుపఱుచుట యా కర్తలకే యపకారము. అలంకారము కావ్యమునకు శోభ. శరీరము దుర్బలమైనచో నలంకారము భారము.

నిత్యదోషములు

సందర్భ మెట్లున్నను గుణము కాఁజాలనివి రెండు. కంటికిఁ గనఁబడునది యొకటి, నియమము గ్రహించున దొకటి యగుట మొదటిది. 1982లో అటారీవారు ఒక చలనచిత్రము ననుసరించి ‘ఈ. టీ.’ అను క్రీడను రమారమి యైదువారములలోఁ జేయించిరి. అందు నాయకుని పాదములు గోఁతికి దూరముగా నున్నట్లు కనఁబడినను, బొమ్మలో నే భాగము తాఁకినను నాతఁడు గోఁతిలోఁ బడును. అమ్ముడుపోని ప్రతులు 1983లో న్యూమెక్సికోలోని ఆలమొగోర్డోకడ నితరసరకుతోఁ బూడ్పింపఁబడెను. 2014లోఁ ద్రవ్వఁగాఁ గొన్ని బయటపడినవి. శబ్దమునకు నర్థమునకు సంబంధము తెగినచో నెంత ప్రతిభావంతుఁడును వాక్యము చెప్పలేఁడు.

రెండవది యింతకంటె ఘోరము. ఆటకాని క్రియ కొఱకుఁ గాక యాతని ధనము కొఱకు నియమములు కల్పించుట. 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ నందు మూసిన పెట్టె లుండెను. తెఱచినఁ గాని లోపలి దేమో తెలియకుండెను. బలమిచ్చు వస్తువులు వానియందుండెను. ప్రసిద్ధనాయకులను బొందుటకుఁ జాలగంట లాడవలసియుండెను. విమర్శకులును నాటకాండ్రును దీవ్రముగా నాక్షేపింపఁగా విడుదలకు ముందు రూకలతోఁ గొనుటను నిలిపివేసిరి. 2018లో బెల్జియముదేశపు జూదనియంత్రణసంస్థ యట్టి పెట్టెలు కొన్ని క్రీడలలో జూదమే యని తేల్చెను. నలునికథను, ధర్మరాజు ద్యూతమును బోధించు పండితునకు నిది క్రొత్త సంగతి కాదు. అచట నోడినవాఁడు తాను జూదమాడుచున్నానని యెఱుఁగును; ఇచట బాలుఁ డెఱుఁగఁడు.

టెట్రిస్ నాడువాఁడును లేవలేఁడు, పెట్టెలు తెఱచువాఁడును లేవలేఁడు. రెంటికి భేదమేమని యడుగవచ్చును. మొదటివానిని లేవనీయనిది తన నేర్పు పెరుగుచుండుట. రెండవవానిని లేవనీయనిది తన నేర్పుతోఁ బనిలేని యాశ. అయినను మితిమీఱినచో మొదటిదియుఁ గీడే. క్రీడావ్యసనమును 2019లో ప్రపంచారోగ్యసభ యంగీకరించిన రోగవర్గీకరణమునఁ జేర్చిరి. అది 2022లో నమలులోనికి వచ్చెను. గుణవంతమైన కావ్యమును గూడ నిద్రాహారములు మాని చదువుమని యే యాలంకారికుఁడును జెప్పలేదు.

కాఁబట్టి క్రీడ చేతఁబట్టిన బాలుని జూచి ‘మానుము’ అనుటకు ముందు నుపాధ్యాయుఁ డడుగవలసినది యొకటి కలదు: ఈ యాట నీచేత నేమి చేయించుచున్నది? పేర్చించుచున్నదా, ఆలోచింపఁజేయుచున్నదా, వగపించుచున్నదా, లేక యాశపెట్టి పెట్టె తెఱపించుచున్నదా? బాలుఁడు దీనికి సమాధానము చెప్పుటకు యత్నించినచో విమర్శమున కప్పుడే యోనమాలు దిద్దినవాఁ డగును. మొదటి మూఁటికి సమాధానము దొరకిన యాటను మితముగా నాడనిచ్చినను దప్పులేదు. నాలుగవదానిని మానిపించుటకు మార్కులు నక్కఱలేదు, హేతువే చాలును. గుణదోషములు క్రియయందుఁ జూడవలెను గాని బొమ్మలయందుఁ గాదను నీ మార్గమును సహృదయులు పరిశీలించి, లోపము లున్నచో సవరింతురు గాక.